ఐప్యాడ్‌లో మిశ్రచాపు: ఒక లలితగీతం రికార్డు చేసిన అనుభవం

మోహన రాగంలో లలితగీతం. గాత్రం, తంబురా, మృదంగం, కాస్త కీబోర్డు. మొత్తం తొమ్మిది ట్రాకులు. ఆపిల్ వాళ్ల ఉచిత రికార్డింగ్ యాప్ గ్యారేజ్‌బ్యాండ్ ఐప్యాడ్‌లో 32 ట్రాకులదాకా ఇస్తుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. చిక్కంతా తాళం దగ్గరే. పాట మిశ్రచాపు, అంటే ఏడక్షరాల తాళం (అక్షరం అంటే తాళంలో ఒక లెక్క). యాప్‌లో పాట సెట్టింగ్స్ తెరిస్తే బార్ అనే ఒక్కో గడిలో ఎన్ని బీట్లో చెప్పే లెక్కల్లో 4/4, 3/4, 6/8 మాత్రమే కనిపిస్తాయి. ఏడు లేదు. 2023 మేలో ఐప్యాడ్‌కి వచ్చిన లాజిక్ ప్రోలో 7/8 పెట్టుకోవచ్చు గానీ దానికి చందా కట్టాలి. ఒక్క పాటకి అంత అవసరం లేదనిపించి ఉచితంగా ఉన్నదాంతోనే లాగించాను.

లెక్క చిన్నదే. ఏడక్షరాల ఆవర్తనం (తాళం ఒక చుట్టు) నాలుగుసార్లు తిరిగితే 28. నాలుగు బీట్ల బార్లు ఏడు కలిపినా 28. అంటే ప్రతి ఏడు బార్లకీ మన సమం (ఆవర్తనం మొదలయ్యే చోటు), యాప్ ఒకటో బీటు ఒకచోట కలుస్తాయి. బీటుకి ఒక అక్షరం చొప్పున టెంపో నిమిషానికి 160 బీట్లు పెట్టాను. అక్షరానికి 0.375 సెకను, ఆవర్తనానికి 2.625 సెకన్లు.

ముందు మెట్రోనోమ్ (బీట్లు టిక్కుమని కొట్టే సాధనం) ఆపేయాలి. అది ప్రతి నాలుగో బీటు తర్వాత గట్టిగా కొడుతుంది, పాడేవాళ్ల తాళం చెదిరిపోతుంది. రికార్డింగ్‌కి ముందు వినిపించే కౌంట్-ఇన్ కూడా నాలుగే లెక్కపెడుతుంది, అదీ వద్దు. తాళం చూపే సొంత క్లిక్ చేసుకోవాలి. సెక్షన్ (యాప్‌లో పాటని విభజించే భాగం) నిడివి మామూలుగా ఎనిమిది బార్లు ఉంటుంది. స్క్రీన్ పైన కుడివైపు ప్లస్ గుర్తు నొక్కి దాన్ని ఏడు చేశాను. డ్రమ్ కిట్‌లో రిమ్ షాట్‌తో తకిట తక ధిమి అనుకుంటూ ఒకటి, నాలుగు, ఆరు అక్షరాల మీద కొట్టాను. ట్రాక్ సెట్టింగ్స్‌లో క్వాంటైజేషన్‌ని క్వార్టర్ నోట్‌కి (అంటే ఒక బీటుకి) పెడితే అటూ ఇటూ పడిన దెబ్బలు సరిగ్గా బీటు మీదికి వస్తాయి. సమం మీద అదనంగా ఒక కిక్ వేశాను, లేకపోతే ఆవర్తనం ఎక్కడ మొదలైందో నాలుగో చరణానికి ఎవరికీ గుర్తుండదు. తర్వాత సెక్షన్‌ని 161 బార్లకి పెంచి, ఆ ముక్కని తట్టి లూప్ నొక్కితే క్లిక్ చివరిదాకా పరుచుకుంటుంది. 161 అంటే 23 ఏడులు. మొదటి ఏడు బార్లు ఖాళీ, పాడేవాళ్లు తాళం అందుకోవడానికి. చివరి ఏడు తంబురాకి. మధ్యలో 84 ఆవర్తనాలు, 3 నిమిషాల 40 సెకన్ల పాట.

సెక్షన్ నిడివి పెంచకుండా రికార్డు నొక్కితే ఎనిమిది బార్లు కాగానే మళ్లీ మొదటికి తిరుగుతుంది. కొత్తవాళ్లంతా కొట్టుకునే రాయి ఇదే. యాప్ పాడైందనుకుంటారు.

టెంపో, శ్రుతి రెండూ గాత్రం ఎక్కించకముందే ఖాయం చేసుకోవాలి. తర్వాత మారిస్తే యాప్ రికార్డైన గొంతుని సాగదీస్తుంది, గమకాలు రబ్బరులా మారతాయి. పాడినావిడ శ్రుతి ఐదున్నర, అంటే జీ షార్ప్. తంబురా ఫోన్‌లోని యాప్ నుంచి తీసుకున్నాను. ఫోన్ హెడ్‌ఫోన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల శబ్దాన్ని ఐప్యాడ్‌కి అందించే పరికరం) లైన్ ఇన్‌పుట్‌కి ఒక తీగ. పాత శ్రుతిపెట్టె వాడితే దాన్ని చెవితో తిప్పి శ్రుతి చేస్తాం కదా, ఐప్యాడ్ కీబోర్డు స్వరాలకి కొద్దిగా తేడా వస్తుంది. ఆ తేడా విడిగా వింటే తెలియదు. రెండూ కలిసి మోగినప్పుడు అలలు అలలుగా ఊగుతుంది. కీబోర్డులో షడ్జం నొక్కి పట్టి, ఊగు ఆగేదాకా పెట్టెని సవరించాలి. తంబురాని నాలుగు నిమిషాలూ ఏకధాటిగా రికార్డు చేయడం మేలు. చిన్న ముక్క లూప్ చేస్తే అతుకు దగ్గర తీగ మీటు తెగి వినిపిస్తుంది.

ఇంటర్‌ఫేస్ రెండు ఇన్‌పుట్లున్న యూఎస్‌బీ రకం. క్లాస్ కంప్లయంట్ (విడిగా సాఫ్ట్‌వేర్ అక్కర్లేని రకం) అయితే డ్రైవర్ల గొడవ లేదు. యూఎస్‌బీ-సీ ఐప్యాడ్‌కి సూటిగా తగిలించవచ్చు. లైట్నింగ్ ఐప్యాడ్ అయితే ఛార్జర్ తగిలించుకునే రంధ్రం ఉన్న కెమెరా అడాప్టరే కావాలి. లేకపోతే ఈ పరికరానికి కరెంటు ఎక్కువ కావాలంటూ తిరస్కరిస్తుంది. కండెన్సర్ మైక్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ తీగలోంచే అందే కరెంటు) కూడా ఐప్యాడ్ బ్యాటరీ నుంచే పోతుంది. ఛార్జింగ్ కోసం ఒక చవక హబ్ మధ్యలో పెట్టి చూశాను, గాత్రం వెనక సన్నని గుయ్ మోత. ఛార్జర్ పీకగానే పోయింది. ఆ తర్వాత నూరు శాతం ఛార్జ్ చేసి, తీగ తీసేసి బ్యాటరీ మీదే రికార్డు చేశాను. ఎయిర్‌ప్లేన్ మోడ్ తప్పనిసరి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఈ పనికి పనికిరావు. వాటి ఆలస్యం 150 మిల్లీసెకన్లు ఉన్నా, ఈ టెంపోలో దాదాపు అరక్షరం వెనకబడినట్టే. తీగ హెడ్‌ఫోన్లు ఇంటర్‌ఫేస్‌కే పెట్టాలి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ (గొంతుని యాప్‌దాకా పోనివ్వకుండా సూటిగా హెడ్‌ఫోన్లకి పంపే స్విచ్) వేస్తే యాప్‌లో మానిటర్ ఆపాలి. రెండూ ఉంటే గొంతు కొన్ని మిల్లీసెకన్ల తేడాతో రెండుసార్లు చెవికి చేరి, రేకు డబ్బాలోంచి పాడినట్టుంటుంది. మైక్ చెడిందేమోనని అరగంట వెతికిన తర్వాత గానీ ఆ స్విచ్ గుర్తురాలేదు.

గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచాలన్న స్థాయి) పెట్టేటప్పుడు పల్లవి పాడించకూడదు. పాటలో తారస్థాయికి వెళ్లే చోటు ఏదో అడిగి, అదే పూర్తి గొంతుతో పాడించాలి. అక్కడ కూడా ఎర్రదీపం వెలగకుండా కొంచెం ఖాళీ వదలాలి. 24 బిట్ ఆన్ చేసి ఉంటే కాస్త తక్కువగా రికార్డైనా తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన గొంతుని ఏ ఎఫెక్టూ బాగుచేయలేదు. ఆ సెట్టింగ్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి దాదాపు 8 ఎంబీ తింటుంది. ఒక్కో చరణానికి మూడు టేకులు ఉంచుకున్నా రెండు జీబీ దాటదు.

మైక్ జానెడు దూరంలో, ముందు ఊపిరి దెబ్బల్ని ఆపే పాప్ ఫిల్టర్. పాడేవాళ్ల వెనక గోడకి బొంతలు, లేదా తలుపులు తీసిన బట్టల బీరువా. ఫ్యాను, ఏసీ ఆపాల్సిందే. పక్కింటి కుక్కర్ కూతని మాత్రం ఎవరూ ఆపలేరు, ఇంకో టేకు.

మృదంగం రోజున రెండు ఇన్‌పుట్లూ వాడాను. తొప్పికి (ఎడమ ముఖం) ఒక మైక్, వలంతలకి (కుడి ముఖం) ఒకటి. యాప్ సెట్టింగ్స్‌లో మల్టీట్రాక్ రికార్డింగ్ ఆన్ చేసి, ఒక ట్రాకుకి ఒకటో ఛానల్, రెండోదానికి రెండోది ఎంచుకోవాలి. వలంతల గాత్రం షడ్జానికే శ్రుతి చేసి ఉండాలి. మృదంగం చేరాక క్లిక్ ట్రాకు మ్యూట్. సొంత క్లిక్ కూడా ఒక ట్రాకే కాబట్టి, మరిచిపోతే పాటతోపాటు ఎగుమతి అవుతుంది.

కీబోర్డులో స్కేల్ బొత్తాం నొక్కి మేజర్ పెంటటోనిక్ ఎంచుకుంటే మోహన స్వరాలు మాత్రమే మిగులుతాయి, తప్పు స్వరం పడదు. గమకం కావాలంటే స్కేల్ తీసేసి, గ్లిసాండో అన్నచోట పిచ్‌కి మార్చాలి. అప్పుడు వేలు జార్చితే స్వరం జారుతుంది. గాంధారం కొంతవరకు పలికింది. వీణలా మాత్రం అనిపించదు, అందుకే వెనక వినిపించే పొడుగు స్వరాలకే పరిమితం చేశాను.

మిక్సింగ్‌లో పెద్ద పనేమీ లేదు. గాత్రంలో 80 హెర్ట్జ్ కిందిది కోసేయడం, మృదంగం తొప్పిని కొద్దిగా ఎడమకి, వలంతలని కుడికి జరపడం, తంబురాని ఆపితే లోటు తెలిసేంత తక్కువలో ఉంచడం. డబ్ల్యూఏవీ ఆడియో ఫైలుగా ఎగుమతి చేశాను. మొదటిసారి చివరి షడ్జం రివర్బ్ (ప్రతిధ్వని) తోక కత్తిరించినట్టు తెగింది, ఎందుకంటే తంబురా కూడా గాత్రంతోనే ఆగిపోయేలా కోసి పెట్టాను. దాన్ని చివరి ఏడు బార్లలోకి మళ్లీ లాగి, పాట సెట్టింగ్స్‌లో ఫేడ్ అవుట్ ఆన్ చేశాక తంబురా పదిన్నర సెకన్లపాటు ఒంటరిగా మోగుతూ సన్నగిల్లింది.