ఎల్క్‌హెడ్ జలాశయంలో పైక్, స్మాల్‌మౌత్ బాస్ వేట: నా అనుభవం

కొల్లేరు ఒడ్డున పెరిగిన నాకు చేపలు కొత్త కాదు. అయినా డెన్వర్‌కు వచ్చాక గాలం చేతబట్టడానికి ఆరేళ్ళు పట్టింది. కొలరాడోలో ఏడాది లైసెన్సు మార్చి 1న మొదలై మరుసటి ఏడాది మార్చి 31 వరకు చెల్లుతుంది. దానితోపాటు హాబిటాట్ స్టాంపు (వన్యప్రాణుల ఆవాసాల రక్షణకు కట్టే రుసుము) కూడా కొనాలి. ఆ పని పది నిమిషాల్లో ముగిసింది గాని, చేపకు మాత్రం రెండు ప్రయాణాలు అవసరమయ్యాయి.

క్రెయిగ్ పట్టణం దగ్గరి ఎల్క్‌హెడ్‌నే ఎంచుకోవడానికి కారణముంది. దాని నీరు చేరే యాంపా నదిలో కొలరాడో పైక్‌మినో అనే చేప అంతరించిపోయే స్థితిలో ఉంది. పేరులో పైక్ ఉన్నా అది మన బొచ్చెకు, శీలావతికి దూరపు చుట్టం. కొలరాడో నదీ పరీవాహకంలో తప్ప మరెక్కడా పుట్టని జాతి. బయటినుంచి తెచ్చి వదిలిన పైక్, స్మాల్‌మౌత్ బాస్ అనే వేటాడే చేపలు దాని పిల్లలను తినేస్తాయి కనుక, అవి నదిలోకి జారిపోకుండా అలుగు దగ్గర వల కట్టారు. పట్టినవారు ఈ రెండింటినీ ఎన్నైనా తీసుకుపోవచ్చు.

ఏప్రిల్ చివర, మంచు కరిగిన కొద్ది రోజులకే వెళ్ళాను. నీళ్ళు ఎనిమిది డిగ్రీలే ఉన్నాయి. మంచు విడవగానే పైక్ గుడ్లు పెట్టడానికి లోతులేని, గడ్డి మునిగిన మూలలకు చేరుతుంది. అక్కడ వెండి రంగు రేకు ఎరను విసిరి మెల్లగా లాగుతుంటే రాడ్ ఒక్కసారి వంగింది. మరుక్షణం దారం తేలికైపోయింది. చూస్తే కొస కత్తితో కోసినట్టుంది. ఒడ్డున ఉన్న ఒక పెద్దాయన పైక్ పళ్ళ గురించి చెప్పి, ఎరకూ దారానికీ మధ్య కట్టుకొమ్మని జానెడు ఉక్కు తీగ ఇచ్చారు. ఆ తీగతోనే సాయంత్రానికి మూరెడు పైక్ దక్కింది.

బాస్ కోసం మే నెలాఖరు దాకా ఆగాను. నీళ్ళు పదహారు డిగ్రీలకు చేరాక అది గులకరాళ్ళ వాలుల్లో గూడు కడుతుంది, మగచేప కాపలా ఉంటుంది. కొర్రమీను తన పిల్లల గుంపును కాచుకోవడం చిన్నప్పుడు చూసినవాణ్ణి కనుక, ఎర్రటి కన్నుతో, కంచు రంగు ఒంటిపై నిలువు చారలతో ఆ చేప చేతికి వచ్చినప్పుడు మనసు కొంత వెనకాడింది. పైక్‌మినోను తలచుకుని దాన్ని ఉంచుకున్నాను.

పైక్‌ను శుభ్రం చేయడమే అసలు కష్టం. ఒళ్ళంతా పట్టిన జిగురును కల్లుప్పుతో రుద్ది వదిలించాను. వీపు కండలో పంగల కర్రలా చీలిన ముళ్ళుంటాయి. వేలితో నిమిరితే వరుసగా కొసలు తగులుతాయి. ఆ వరుసకు అటూ ఇటూ కోసి పట్టీలా తీసేయాలి. మొదటిసారి సగం కండ ముళ్ళతోపాటే పోయింది. మిగిలిన ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, చింతపండు పులుసులో చివర వేసి, గరిటె పెట్టకుండా గిన్నెనే తిప్పాను. తెల్లటి కండ కాబట్టి ఆరు నిమిషాల్లో ఉడికింది.