కోఠీలో స్పీకర్ల బేరం

"వెయ్యి వాట్లు సార్! ఇంకేం కావాలి?" అంటూ ఆంప్లిఫయర్ డబ్బా నా ముందు పెట్టాడు గుజరాతీ గల్లీలో కొట్టాయన.

వెనక్కి తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో పీఎంపీఓ అని ఉంది, అంటే క్షణకాలం మాత్రమే వచ్చే గరిష్ఠ పవర్ లెక్క. "ఆర్‌ఎంఎస్ ఎంతన్నా?" అని అడిగాను, అంటే నిలకడగా ఇచ్చే అసలు పవర్. నా మొహంలోకి ఓసారి చూసి, లోపల్నుంచి వేరే ఆంప్లిఫయర్ తెప్పించాడు. ఛానెల్‌కి 40 వాట్లు. మా హాలుకి ధారాళంగా సరిపోతుంది.

ఇక అక్కణ్ణించి మాటతీరే మారిపోయింది. రెండు జతల స్పీకర్లు పెట్టాడు. కరెంటుకి అడ్డు (ఇంపిడెన్స్) రెండింటికీ 8 ఓమ్‌లే. ఒకదాని సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత శబ్దం చేస్తుందనేది, 87 డెసిబెల్స్, ఇంకోదానిది 90. మూడే కదా తేడా అనిపిస్తుంది గానీ, అంతే శబ్దం రావాలంటే మొదటి జతకి రెట్టింపు పవర్ కావాలి. అందుకే డబ్బులు ఎక్కడైనా తగ్గించుకోవచ్చు గానీ స్పీకర్ల దగ్గర కాదంటాను.

రేటు మాత్రం ఓ పట్టాన దిగలేదు. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తానన్నాడు. వారంటీ ఉండాలి కదా, వద్దన్నాను. "అయితే స్పీకర్ వైరు మీరే ఫ్రీగా వేయాలన్నా" అంటే ఒప్పుకున్నాడు. అల్యూమినియం మీద రాగి పూత కాదని, కొన బ్లేడుతో గీకి మరీ చూపించాడు. లోపల కూడా ఎర్రగానే ఉంది.

రేపు కనెక్షన్లు ఇవ్వాలి. గోడకి ఎంత దూరంలో పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు, అదొక్కటే టెన్షన్. పెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.