ఫిషర్–ట్రాప్ష్ క్యాటలిస్టులు: బట్టీ పట్టి పోగొట్టుకున్న మార్కులు, తర్వాత నేను చదివిన తీరు

ఫిషర్–ట్రాప్ష్ అంటే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసి హైడ్రోకార్బన్ గొలుసులుగా మారే రియాక్షన్, దాన్ని నడిపించే లోహాలే ఇక్కడ క్యాటలిస్టులు. పరీక్ష మొదటిసారి రాసినప్పుడు ఈ చాప్టర్‌ని నేను ఒక టేబుల్‌గా బట్టీ పట్టాను. ఐరన్, కోబాల్ట్, నికెల్, రుథేనియం, పక్కన టెంపరేచర్లు, అంతే. పరీక్షలో బొగ్గు నుంచి తీసిన సిన్‌గ్యాస్ (ఆ రెండు వాయువుల మిశ్రమం) ఇచ్చి, హైడ్రోజన్‌కి కార్బన్ మోనాక్సైడ్‌కి నిష్పత్తి 0.7 ఉంటే ఏ క్యాటలిస్టు వాడతారని అడిగారు. కోబాల్ట్ మంచిదని ఎక్కడో చదివింది గుర్తొచ్చి అదే పెట్టేశాను, తప్పయింది. కోబాల్ట్‌కి ఆ నిష్పత్తి 2 దగ్గర ఉండాలి, ఇక్కడ సరైన జవాబు ఐరన్. ఐరన్ మీదైతే వాటర్ గ్యాస్ షిఫ్ట్ కూడా జరుగుతుంది, అంటే రియాక్షన్‌లో పుట్టిన నీటి ఆవిరి కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసి తక్కువైన హైడ్రోజన్‌ని అక్కడికక్కడే తయారుచేస్తుంది.

రెండోసారి టేబుల్ పక్కన పెట్టి ఒకటే ప్రశ్న పట్టుకున్నాను: లోహం మీద కార్బన్ మోనాక్సైడ్ విడిపోతుందా, విడిపోయాక ఆ కార్బన్ ఏమవుతుంది? రాగి మీద ఆ బంధం తెగదు, అందుకే అక్కడ మెథనాల్ వస్తుంది. టంగ్‌స్టన్ లాంటివి విడిపోయిన కార్బన్‌ని, ఆక్సిజన్‌ని మరీ గట్టిగా పట్టేసుకుంటాయి. మధ్యలో మిగిలినవే మన నాలుగు. వాటిలో నికెల్ హైడ్రోజన్‌ని తొందరగా ఎక్కించేసి, గొలుసు పెరగకముందే మీథేన్‌గా వదిలేస్తుంది, పైగా ప్రెషర్‌లో కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసి నికెల్ కార్బొనిల్‌గా ఆవిరైపోతుంది కూడా. రుథేనియం అన్నిటికన్నా చురుకైనదే, కానీ పరిశ్రమకి సరిపోయేంత దొరకదు, ధర కూడా భరించలేం. ఇలా అర్థమయ్యాక నాకు టేబుల్ అవసరమే రాలేదు, దాన్ని నేనే రాసుకోగలిగాను.

ఇంకో చిన్న విషయం, చాలామంది ఇక్కడ తడబడతారు. కోబాల్ట్ పనిచేసేది లోహంగానే, ఐరన్ మాత్రం రియాక్టర్‌లో కార్బన్‌తో కలిసి కార్బైడ్‌గా మారి పనిచేస్తుంది. పొటాషియం కలిపేది ఐరన్‌లోనే, గొలుసులు పొడవు కావడానికి. సల్ఫర్ రెండింటికీ విషమే.

లెక్కలకైతే ఆల్ఫా వదలొద్దు, అది గొలుసు ఇంకో కార్బన్ పెరిగే అవకాశం. ఫార్ములా ప్రకారం మీథేన్ బరువు వాటా (1–ఆల్ఫా) స్క్వేర్, కాబట్టి ఆల్ఫా 0.7 అయితే 9 శాతం, 0.9 అయితే 1 శాతం. టెంపరేచర్ పెంచితే ఆల్ఫా తగ్గుతుంది. అందుకే మైనం, డీజిల్ కావాలంటే 200–240 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడుపుతారు, పెట్రోల్, ఓలిఫిన్లు (డబుల్ బాండ్ ఉన్న హైడ్రోకార్బన్లు) కావాలంటే ఐరన్‌తో 300 దాటిస్తారు. కోబాల్ట్‌ని అంత వేడిలో పెడితే మీథేనే ఎక్కువైపోతుంది, రెండోసారి పేపర్‌లో ఈ పాయింట్ మీదే ప్రశ్న వచ్చింది, ఈసారి ఆగకుండా రాసేశాను.