విజయనగరం సభ, శ్రీకాకుళం బస్సు

కౌమార వయసు పిల్లలకు పుస్తకాలను ఎలా చేరువ చేయాలన్న విషయం మీద విజయనగరంలో జరిగిన సభలో ఆ వయసు పిల్లలు కూర్చున్నది చిట్టచివరి వరుసల్లో. వేదిక నిండా పెద్దలు, వారి ముందు బల్ల మీద శాలువాల దొంతర, కింద మావంటి ఉపాధ్యాయులు, గ్రంథపాలకులు, రచయితలు, ప్రచురణకర్తలు. అందరి వెనుక, ఏదో హాస్టలు నుంచి వరుసగా నడిపించుకొని వచ్చిన తొమ్మిది, పది తరగతుల పిల్లలు. ఉదయం పది గంటల నుంచి భోజనాల వేళ వరకు వారి గురించి మాట్లాడని వక్త లేడు, వారితో మాట్లాడిన వక్తా లేడు. భోజనాలు కాగానే వారిని మళ్లీ వరుసగా నడిపించుకొని వెళ్లిపోయారు. మధ్యాహ్నం సమావేశంలో ఆ ఖాళీ కుర్చీల ప్రస్తావన ఎవరూ తేలేదు.

తెలుగు పాఠాలు చెప్పడంతో పాటు మా బడి గ్రంథాలయం తాళంచెవులు కూడా నా దగ్గరే ఉంటాయి కనుక, గత నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు నాకూ ఆహ్వానం వచ్చింది. తెనాలిలో రాత్రి రైలెక్కి, తెల్లవారుజామున దిగవలసినదాన్ని ఎండ ఎక్కాక దిగాను. 1,400 రూపాయల అద్దె తీసుకున్న లాడ్జిలో వేడినీళ్లకు బక్కెట్టుకు 20 రూపాయలు వేరుగా అడిగారు. ఇలాంటివి అందరికీ జరిగేవే కాబట్టి వాటిని ఇక్కడితో వదిలేస్తాను. సభలో పెట్టిన భోజనం మాత్రం చాలా బాగుంది. ఆవ పెట్టిన అరటికాయ కూర మా వైపు పెళ్లిళ్లలో కూడా అంత రుచిగా ఉండదు.

గ్రంథాలయోద్యమకారుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగిందనీ, అందుకే వారోత్సవాలు ఏటా ఆ తేదీన మొదలై 20న ముగుస్తాయనీ ఒకరి తరువాత ఒకరు చెబుతూనే ఉన్నారు. అదే రోజు బాలల దినోత్సవం కూడా. పదిహేనేళ్ల పిల్లవాడు బాలల దినోత్సవానికి పెద్దవాడు, గ్రంథాలయానికి చిన్నవాడు అన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ సెస్సు సకాలంలో చేరడం లేదన్న పాత ఫిర్యాదు వినిపించింది; అది న్యాయమైనదే. ఆ తరువాత అందరూ కలిసి సెల్‌ఫోన్ మీద పడ్డారు. పిల్లలు చదవకపోవడానికి కారణం ఫోనేనని తీర్పు చెప్పిన పెద్దమనిషి, తన ఉపన్యాసాన్ని ఆ ఫోన్లోంచే చూసి చదివారు.

ఆ రోజు నేను నోటుపుస్తకం తెరిచింది ఒక కళాశాల గ్రంథపాలకురాలు మాట్లాడినప్పుడే. అమెరికాలో గ్రంథాలయ సంఘం ఈ వయసు పాఠకుల సేవల కోసం 1957లోనే ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసుకుందనీ, పన్నెండు నుంచి పద్దెనిమిది ఏళ్ల వారిని పిల్లల్లోనూ పెద్దల్లోనూ కలపకుండా వేరే పాఠకులుగా చూస్తుందనీ ఆమె వివరించారు. కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలో బడి గ్రంథపాలకుడిగా పనిచేసిన మైకేల్ ప్రింట్జ్ పేరిట 2000 నుంచి ఏటా ఆ వయసువారి కోసం వచ్చిన మంచి పుస్తకానికి బహుమతి ఇస్తున్నారట. ఒక బడి గ్రంథపాలకుడి పేరుతో ఒక దేశం పుస్తకానికి బహుమతి ఇవ్వడం వినగానే, మా జిల్లాలో ఆ ఉద్యోగం ఉన్న బడులు ఎన్నో లెక్క వేసుకోబోయి మానేశాను. మనకూ కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం 2010 నుంచి ఉంది. 2011 నుంచి ఇస్తున్న యువ పురస్కారం రాసేవారి వయసు 35 ఏళ్ల లోపు ఉండాలంటుందే తప్ప, చదివేవారి వయసుతో దానికి నిమిత్తం లేదు. ఈ మాట ఆమె చాలా మెల్లగా అన్నారు. చప్పట్లు కొట్టినవారు కొద్దిమందే, కాఫీ వచ్చేసింది.

వరండాలో పెట్టిన పుస్తకాల అంగళ్లలో ఒకవైపు రంగుల బొమ్మలతో నీతికథలు, మరోవైపు పోటీ పరీక్షల గైడ్లు, నడుమ వ్యక్తిత్వ వికాసం. నూట ఇరవై పేజీల నవలిక ఒకటి చేతికి తీసుకుంటే ధర 300 రూపాయలు, వారోత్సవాల తగ్గింపు పది శాతం. ఆ డబ్బుతో మా పదో తరగతి పిల్లవాడు నెలంతా సాయంత్రం సమోసాలు తింటాడు. వాడు ఏది ఎంచుకుంటాడో నాకు తెలుసు, వాడిని తప్పు పట్టలేను కూడా.

సాయంత్రం గురజాడ వారి ఇల్లు చూడడానికి వెళ్లాను. కళాశాల విద్యార్థులు వ్యాసాలను ఏ తెలుగులో రాయాలన్న వివాదంలో ఆయన వాడుక భాష పక్షాన 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు; మరుసటి ఏడాది నవంబరులో కన్నుమూశారు. ఆరోగ్యం క్షీణించిన దశలో ఆయన కూర్చుని రాసింది పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల పరీక్ష కాగితాల కోసం అన్న సంగతి, ఆ రోజు సభ విన్న చెవులతో ఆలోచిస్తే, నాకు మరోలా తోచింది.

మర్నాడు తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయం చూడాలని శ్రీకాకుళం బస్సెక్కాను. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో సీటు దొరకడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. కాంప్లెక్స్‌లో రెండు బస్సులు వదిలి, మూడోదాంట్లో కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి కాస్త ఒదిగి చోటిస్తే కూర్చున్నాను. ఇంటర్ రెండో సంవత్సరమట. హాస్టల్ నుంచి ఇంటికి వెళుతోంది. నాతవలస దగ్గర బస్సు హైవే ఎక్కేదాకా తలెత్తకుండా ఫోన్లో చదువుతూనే ఉంది. నేను తొంగి చూస్తున్నానని గమనించి, సిగ్గుపడకుండా ఫోను నా వైపు తిప్పింది.

"స్టోరీ ఆంటీ. డెబ్బై ఆరో పార్టు. సోమవారం ఒకటి, గురువారం ఒకటి వస్తాది."

బాగుంటుందా అని అడిగాను. బాగోదని వెంటనే చెప్పింది. "కాలేజీ అని రాస్తారు గానీ ఒక్క స్లిప్ టెస్టూ ఉండదు. హీరోయిన్ రాత్రి పదికి హాస్టల్‌కొచ్చినా వార్డెన్ ఏటీ అనదు. అయినా తరవాతేటవుతాదో అని చదివేస్తాను."

నిన్నటి వేదిక మీద ఇంత సూటిగా పుస్తక సమీక్ష చేసినవారు లేరు. నేను టీచరునని తెలిశాక ఆంటీ పోయి టీచర్ అయింది కాని, ధోరణి మారలేదు. వాళ్ల కాలేజీ లైబ్రరీలో ఎంసెట్ పుస్తకాలే ఉంటాయట. పదో తరగతి సెలవుల్లో తమ ఊరి దగ్గరి గ్రంథాలయానికి ఒకపాలి వెళ్లిందట. "పిల్లల గదిలో కూకుంటే పెద్దదానివి కదా, అటెళ్లు అన్నారు. అటెళితే అందరూ గ్రూప్సూ, డీయస్సీ చదివీవోళ్లే. కుర్చీ ఖాళీ లేదు. నిలబడి పేపరు చూసి వచ్చీశాను."

ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో రాసిన సూత్రాలను మేము ఏటా గోడల మీద అంటిస్తాం. ఆ రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడిపోయిన ఈ పిల్లకు వాటిలో ఏది వర్తిస్తుందో నాకు తెలియలేదు. ఉద్యోగాల కోసం చదువుకునేవారిని తప్పు పట్టడానికీ లేదు. వారికి ఆ కుర్చీ, ఆ ఫ్యాను తప్ప వేరే ఆధారం లేదు.

రణస్థలం దాటే వరకు ఆమెకు నచ్చవచ్చుననుకున్న పుస్తకాల పేర్లు చెబుతూ పోయాను. ఓపికగా విన్నది. చివరకు, "టీచర్, పరీక్ష తప్పినోళ్ల కథేదైనా ఉందా?" అని అడిగింది. ఇంటర్ తప్పి, పట్టుదలతో చదివి, కలెక్టరైన వ్యక్తి గురించి మొదలుపెట్టబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది. "అలాటిది కాదు. తప్పీసి, మళ్లీ ఫస్టు రాకుండా, మామూలుగా బతికీసినోళ్లది."

వాళ్లన్నయ్య లెక్కల్లో రెండుసార్లు తప్పాడట. ఇప్పుడు శ్రీకాకుళంలో బట్టల కొట్లో పనిచేస్తున్నాడట. బాగానే నవ్వుతాడట, ఆదివారం క్రికెట్ ఆడతాడట, పండగకు ఆమెకు చున్నీ కొన్నాడట. కథల్లో మాత్రం అలాంటివాడు చచ్చిపోయినా పోవాలి, కలెక్టరైనా అవ్వాలి. ఆ నడిమి బతుకు ఎవరూ రాయరా అన్నది ఆమె ప్రశ్న. నాకు ఒక్క పేరూ తట్టలేదు. ఏప్రిల్ నెలలో ఇంటర్ ఫలితాల మరునాడు దినపత్రిక తెరవడానికి భయపడే రాష్ట్రంలో, ఇంత అవసరమైన పుస్తకం నా అలమరలో లేదన్న సంగతి ఆ బస్సులోనే తెలిసింది. చిలకపాలెంలో దిగుతూ, "దొరికితే మీ మీటింగులో చెప్పండి టీచర్" అని వెళ్లిపోయింది.

కథానిలయంలో అదే ప్రశ్న వేశాను. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్న సంకల్పంతో, బడిపంతులుగా జీవించిన కాళీపట్నం రామారావు మాస్టారు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ము కూడా వెచ్చించి 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన చోటు అది. ఊరంతా ఆయనను కారా మాస్టారు అనే పిలుస్తుంది. తేదీలు తుడుచుకుపోయిన వారపత్రికల మధ్య నిలబడితే తుమ్ములు రావడం ఎంత సహజమో, మనసు నెమ్మదించడం కూడా అంతే సహజం. రచయిత పేరు చెబితే, కథ పేరు చెబితే, పత్రిక పేరు చెబితే కథ దొరుకుతుంది. పాఠకుడి వయసు చెప్పి వెతికే దారి నాకు కనిపించలేదు. అక్కడ ఉన్న ఒక పెద్దాయన మాత్రం నా ప్రశ్న విని కాసేపు ఆలోచించి, జ్ఞాపకం మీదనే కొన్ని పాత సంచికలు తీసి ఇచ్చారు.

మధ్యాహ్నమంతా చదివాను. ఒక కథలో పరీక్ష తప్పిన కుర్రవాడు బావిలో దూకాడు. మరొకదానిలో ఊరు విడిచి వెళ్లి, కారులో తిరిగి వచ్చాడు. ఇంకొక కథ ఆ అమ్మాయి అడిగినదానికి చాలా దగ్గరగా వచ్చింది. కుర్రవాడు తండ్రి సైకిలు షాపులో కుదురుకుంటాడు, ఏ గొప్పా జరగదు. అయితే కథ పొడవునా మాట్లాడేది తండ్రే. కొడుకును చూసి ఆయన పడే బాధ, ఆయన రాజీ, ఆయన కన్నీరు. కొడుక్కి నాలుగు ముక్కలు కూడా లేవు. మన దగ్గర ఆ వయసు గురించి రాసిన కథలకు కొదవ లేదు, అవి దాదాపు అన్నీ ఆ వయసు దాటినవారు తమ తోటివారికి చెప్పుకున్నవి. ఆ వయసులో ఉన్నవారు తీసుకుని చదువుకోవడానికి రాసినవి వేరే ఉండాలి. సభలో అంతసేపు కూర్చున్నా నాకు ఈ తేడా ఇంత స్పష్టంగా అర్థం కాలేదు.

తిరుగు రైలు కోసం ఆమదాలవలస వెళ్లడానికి ఆటో 400 రూపాయలు అడిగాడు. శ్రీకాకుళం స్టేషను శ్రీకాకుళంలో లేకపోవడం ఎవరి తప్పు అని వాదించి, షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్లాను.

తెనాలి వచ్చాక పదో తరగతి పిల్లలకు ఒక్కో కాగితం ఇచ్చి, ఎలాంటి పుస్తకం కావాలో పేరు రాయకుండా రాసిమ్మన్నాను. దయ్యాలు, క్రికెట్, ప్రేమ అని రాసినవారే ఎక్కువ. "జిల్లా టీములో సెలక్టు కానివాడి కథ" అని ఒకరు, "అమ్మానాన్న విడిపోయిన పిల్ల, కానీ ఏడుపు వద్దు" అని ఒకరు రాశారు. ఆ చీటీలు ముందు పెట్టుకుని, ఏటా మా బడికి పుస్తకాలు పంపే ప్రచురణకర్తకు ఫోను చేసి, బస్సులో విన్న కోరికతో సహా అన్నీ చదివి వినిపించాను. అలాంటివి ప్రస్తుతం లేవు మేడమ్ అన్నాడు. కొత్త డీయస్సీ గైడ్ల మీద మాత్రం ఈ నెలాఖరు వరకు ముప్ఫై శాతం తగ్గింపు ఉందట.