చీటీలో లేని మాత్ర

ఈ రోజు అమ్మను తీసుకుని చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లొచ్చాను. నెల రోజులుగా మోకాలి నొప్పితో మెట్లు దిగలేకపోతోంది. ఇక్కడ ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ గారు అక్కడి ఎముకల డాక్టర్‌కి చీటీ రాసిచ్చారు. బస్సు చంద్రగిరి దాటాక విప్పి చూశాను. 'మోకాలి నొప్పి, చూడగలరు.' అంతే. అమ్మ గుండెలో మెటల్ వాల్వ్ ఉందని, తొమ్మిదేళ్లుగా రోజూ సాయంత్రం రక్తం గడ్డకట్టకుండా చూసే అసిట్రోమ్ మాత్ర వేసుకుంటోందని ఎక్కడా లేదు. మోకాలికీ దానికీ సంబంధం ఏముందిలే అనుకుని, గుండె ఫైలు నేను కూడా ఇంట్లోనే వదిలేశాను.

ఓపీ కిటకిటలాడుతోంది. రెండు గంటలు కూర్చున్నాక మూడు నిమిషాల్లో అయిపోయింది. "బీపీ, షుగర్ ఉన్నాయా?" అన్నారు. లేవంది అమ్మ. నిజంగానే లేవు. ఎక్స్‌రే చూసి, అరుగుదల అని చెప్పి, పది రోజులకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర రాశారు.

మందుల షాపులో పెద్దాయన మాత్రలు కత్తిరిస్తూ, "అమ్మ ఇంకేమన్నా మందులు వాడతా ఉందా నాయనా?" అని అడిగాడు. అసిట్రోమ్ అనగానే కత్తెర పక్కన పెట్టేశాడు. "ముందు డాక్టర్ను అడిగి రా పో."

మళ్లీ లోపలికి వెళ్లాం. డాక్టర్ గారు విసుక్కోలేదు. మా ముందే గుండె డాక్టర్‌కి ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడారు. తర్వాత నాకు వివరంగా చెప్పారు. వాల్వ్ దగ్గర రక్తం గడ్డకట్టకుండా ఆపేది అసిట్రోమ్. డైక్లోఫెనాక్ కడుపు లోపలి పొరను దెబ్బతీస్తుంది, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల పనికీ అడ్డుపడుతుంది. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ లెక్క సరిగ్గా ఉన్నా సరే. నాకు చేతులు చల్లబడ్డాయి. నెలనెలా పరీక్షలో అది 2.5కీ 3.5కీ మధ్య వస్తే చాలు, భయం లేదనుకుంటున్నాం ఇన్నాళ్లూ. చివరికి పారాసెటమాల్ ఇచ్చారు, అదీ లెక్క ప్రకారమే. రోజూ ఎక్కువగా వేసుకుంటే దానితో కూడా ఐఎన్ఆర్ పెరగొచ్చట. వారంలో రక్తపరీక్ష చేయించమన్నారు.

ముగ్గురూ మంచి డాక్టర్లే. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరలేదు. మందుల వల్ల జరిగే హాని తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మొదలుపెట్టిన కార్యక్రమంలో, పేషెంటు ఒక డాక్టర్ నుంచి ఇంకొకరి దగ్గరికి మారే సమయాన్ని ముఖ్యంగా చూసుకోవాలని ఉంది. చీటీలో ఇంకో రెండు లైన్లు రాస్తే చాలు కదా! పల్లెల నుంచి ఒంటరిగా వచ్చే ముసలివాళ్లు తాము మింగే మాత్ర పేరు ఎలా చెప్పగలరు?

ఎముకల డాక్టర్ గారు ఏం ఇచ్చారో, ఏం ఇవ్వకూడదో తిరుగు చీటీలో రాసిచ్చారు. అమ్మ దాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. రేపు పొద్దున్నే ఇక్కడి డాక్టర్ గారికి చూపించాలి, ఈసారి గుండె ఫైలుతో.