లేక్ ఫోర్క్‌కి బయల్దేరే ముందు

డాలస్ నుంచి గంటన్నర దూరంలో ఉన్న లేక్ ఫోర్క్ అనే సరస్సుకి చేపలు పట్టడానికి దాదాపు ప్రతి నెలా వెళ్తాను. టెక్సస్ రికార్డు లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరుండే ఒక రకం చేప), 18.18 పౌండ్లది, 1992లో పడింది ఇక్కడే. నీళ్ల కింద చెట్ల మొద్దులు ఎక్కువ, అందుకే సన్న లైన్‌తో (గేలం దారంతో) వెళ్లకండి. నేను 17 పౌండ్ల బలం ఉన్న ఫ్లోరోకార్బన్ లైన్ వాడతాను, చివర టెక్సస్ రిగ్ అనే అమరిక: ముందు బుల్లెట్ ఆకారంలో బరువు, దాని వెనక గేలం, మొన ప్లాస్టిక్ ఎరలో దాగి ఉంటుంది కాబట్టి కొమ్మలకు అంత తేలిగ్గా చిక్కుకోదు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడిగా లాగితే రాపిడి వేడికి లైన్ బలం పోతుంది. ప్రతి చేప తర్వాతా చివరి రెండడుగుల్ని వేళ్ల మధ్య జార్చి చూడండి, గరుకు తగిలితే కోసేసి మళ్లీ కట్టాల్సిందే. పోయిన వసంతంలో బద్ధకించాను, మంచి చేప పడవ పక్కదాకా వచ్చి తెంపుకుని పోయింది, ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని వదిలేయాలి, కొలబద్ద మర్చిపోకండి.

పడవ విషయంలో నాకు ఎక్కువ టెన్షన్ ట్రైలర్ చక్రాలతోనే. దారిలో ఆగినప్పుడు హబ్ (చక్రం మధ్య భాగం) దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను, చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే బేరింగ్‌లో గ్రీజు అయిపోయిందనో నీళ్లు చేరాయనో అనుమానించాలి. పడవ నీళ్లలోకి దించే ముందు డ్రెయిన్ ప్లగ్ (పడవలో నీళ్లు పోయే రంధ్రానికి బిరడా) బిగించండి, పైకి లాగాక తీసి నీళ్లన్నీ వంచేయండి, జీబ్రా మసెల్స్ (ఒక సరస్సు నుంచి ఇంకోదానికి వ్యాపించే చిన్న ఆల్చిప్పలు) పాకకుండా టెక్సస్‌లో అది చట్టం కూడా. బ్యాటరీ మాత్రం ఇంటికి రాగానే ఆ రాత్రే చార్జింగ్‌కి పెట్టేయండి.