మంచు మీద వాన: స్నోక్వాల్మీ నది పక్కన ఒక చలికాలం లాగ్

వాషింగ్టన్ రాష్ట్రంలో క్యాస్కేడ్ కొండలకు పడమటి వైపు ఉండేవాళ్లకి చలికాలం అంటే వాన, గాలి, వరద. మంచు ఎక్కువగా కొండల మీదే పడుతుంది. అది అక్కడే ఉన్నంతకాలం అందరికీ సంతోషమే. పసిఫిక్ మీదుగా హవాయి వైపు నుంచి వెచ్చటి తేమ పట్టీలా సాగి వచ్చినప్పుడు అసలు గొడవ మొదలవుతుంది. దీన్నే ఇక్కడ పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు, వాతావరణ శాస్త్రంలో అట్మాస్ఫెరిక్ రివర్. కొండల మీద మంచు, దాని మీద వెచ్చటి వాన, వెనకాలే ఈదురుగాలి.

ఈ సీజన్‌కి నేను పెట్టుకున్న పని ఇది: స్నోక్వాల్మీ నది పొంగుతుందో లేదో రెండు రోజుల ముందే నా అంచనా రాసిపెట్టుకుని, తర్వాత నది గేజ్‌తో సరిచూసుకోవడం. నేషనల్ వెదర్ సర్వీస్ హెచ్చరికలు ఎలాగూ ఉన్నాయి, ఇల్లు ఖాళీ చేయాలా వద్దా లాంటి నిర్ణయాలకి వాటినే నమ్మాలి. ఇది కేవలం హాబీ.

స్నోక్వాల్మీనే ఎందుకంటే, దాని ప్రధాన పాయల మీద వరదని ఆపే పెద్ద డ్యామ్ లేదు. పైన కురిసింది కిందికి వస్తుంది, అంతే. ఉత్తరాన స్కాజిట్ మీద రాస్ డ్యామ్, దాని ఉపనది బేకర్ మీద మరో రెండు డ్యాములు ఉన్నాయి. దక్షిణాన గ్రీన్ నది మీద హోవర్డ్ హాన్సన్ డ్యామ్. ఆ నదుల మీద అంచనా వేయాలంటే ఆకాశంతో పాటు గేట్లు నడిపేవాళ్ల మనసు కూడా చదవాలి. నా వల్ల కాదు.

కింగ్ కౌంటీ వాళ్లు స్నోక్వాల్మీ మూడు పాయల ప్రవాహాన్ని కలిపి నాలుగు దశలు పెట్టారు. 6,000 క్యూసెక్కులకు మొదటి దశ, 12,000కు రెండోది, 20,000కు మూడోది, 38,000 దాటితే నాలుగోది. రెండో దశలో లోతట్టు రోడ్ల మీదికి నీళ్లు రావడం మొదలవుతుంది. నేను అంచనా కట్టేది కూడా ఈ గీతల మీదే. "బాగా వరద వస్తుంది" అని రాసుకుంటే తర్వాత సరిచూడటానికి ఏమీ మిగలదు. "48 గంటల్లో 20,000 దాటడానికి 40 శాతం అవకాశం" అని రాసుకుంటే తప్పించుకోలేం.

నవంబర్

ముందు ఇంటి దగ్గర కొలత. కోకోరాస్ అనే స్వచ్ఛంద కొలతల బృందం వాడే నాలుగంగుళాల వ్యాసం గల ప్లాస్టిక్ గేజ్ పెట్టాను. 1997లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో వచ్చిన వరద తర్వాత, 1998లో ఆ బృందం మొదలైంది. గేజ్ లోపల సన్నటి గొట్టం ఉంటుంది, దాన్లో ఒక అంగుళం వాన పది అంగుళాల ఎత్తున కనిపిస్తుంది కాబట్టి అంగుళంలో నూరో వంతు కూడా చదవొచ్చు. ఉదయం ఏడింటికి రీడింగ్.

మంచు పడే అవకాశం ఉన్న రోజున గరాటు, లోపలి గొట్టం తీసేసి బయటి డబ్బా ఒక్కటే ఉంచాలి. లేకపోతే మంచు గరాటు మీద గోపురంలా పేరుకుని సగం బయటికి రాలిపోతుంది, గొట్టంలో నీళ్లు గడ్డకట్టి అది పగిలినా పగలొచ్చు. పొద్దున్నే డబ్బా లోపలికి తెచ్చి, లోపలి గొట్టంతో కొలిచిన గోరువెచ్చని నీళ్లు అందులో పోసి, మంచు కరిగాక మొత్తం కొలిచి, పోసినంత తీసేయాలి. మంటమీద పెట్టి కరిగిస్తే కొంత ఆవిరైపోతుంది. నేల మీద ఉన్న మంచులో ఎంత నీరుందో తెలియాలంటే అదే డబ్బాని తలకిందులుగా మంచులోకి గుచ్చి, కింద పలచటి రేకు దూర్చి, ఆ ముక్కని కరిగించి కొలవాలి. ఇక్కడి మంచు తడిగా, బరువుగా ఉంటుంది. ఆరంగుళాల మంచు అంటే అరంగుళం నీరూ కావచ్చు, ఒకటిన్నర అంగుళాలూ కావచ్చు. అందుకే లోతు కాలమ్‌ని నా షీట్‌లో చివరికి నెట్టేశాను.

ఇక పైగాలుల సంగతి. పడమటి వాషింగ్టన్ మొత్తానికి వాతావరణ బెలూన్ వదిలేది ఒక్కచోటే, సముద్రతీరాన క్విలయూట్‌లో. చలికాలం టైమ్ ప్రకారం ఆ కొలత తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు గంటలదిగా లెక్కలోకి వస్తుంది. దాన్లో నాకు కావలసినవి మూడే: ఫ్రీజింగ్ లెవెల్ (ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్‌కి పడిపోయే ఎత్తు), 850 మిల్లీబార్ల పీడనం దగ్గర, అంటే సుమారు ఐదు వేల అడుగుల ఎత్తున, గాలి దిక్కు, వేగం. ఫ్రీజింగ్ లెవెల్‌కి సుమారు వెయ్యి అడుగుల కింద వరకు మంచుగానే పడుతుందని, ఆ కిందంతా వానేనని లెక్క. మామూలు తుఫానులో వాన కొండ అడుగు భాగంలోనే పడుతుంది, పైభాగం మంచుగా దాచుకుంటుంది. పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ వచ్చి ఫ్రీజింగ్ లెవెల్ ఎనిమిది, తొమ్మిది వేల అడుగులకు ఎగబాకితే పరీవాహక ప్రాంతం అంతా ఒకేసారి నదిలోకి వదులుతుంది. కురిసిన వాన అంతే, నదికి చేరేది మాత్రం రెట్టింపు కావచ్చు.

గాలి దిక్కు కూడా తీసిపారేసేది కాదు. నైరుతి గాలిలో ఒలింపిక్ కొండల వెనక వాననీడ (కొండ అడ్డుపడి వాన తగ్గే చోటు) ఈశాన్యంగా, విడ్బీ దీవి వైపు పడుతుంది. గాలి పూర్తిగా పడమటికి తిరిగితే ఆ నీడ సియాటిల్ మీదికి జరుగుతుంది. వీటికోసం వాషింగ్టన్ యూనివర్సిటీ నడిపే, ప్రాంతాన్ని గళ్లుగా విడగొట్టి లెక్కవేసే వాతావరణ మోడల్ చూస్తాను. దాన్లో 36 కిలోమీటర్ల గడి నుంచి 1.33 కిలోమీటర్ల గడి దాకా ఉన్నాయి. కొండలున్న చోట 4 కిలోమీటర్లు దాటిన గడి వాన లెక్కకి నాకు పెద్దగా పనికిరాలేదు.

డిసెంబర్

ఈ నెలలో తేలిన విషయమే లాగ్ మొత్తానికి ముఖ్యం. మంచు మీద వాన పడితే వెచ్చటి వానే మంచుని కరిగిస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అలా రాదు. 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. ఆ నీరు సున్నాకి చల్లబడుతూ వదిలే వేడి చదరపు మీటరుకి దాదాపు 210 కిలోజౌళ్లు. ఒక కిలో మంచు కరగడానికి 334 కావాలి. అంటే కరిగేది ముప్పావు మిల్లీమీటరు కూడా కాదు!

మరి కరిగించేది ఏది? గాలి. తేమతో నిండిన వెచ్చటి గాలి మంచు మీదుగా పోతున్నప్పుడు, చల్లటి గ్లాసు బయట చెమట పట్టినట్టు, ఆవిరి మంచు మీదే నీరవుతుంది. అలా నీరైన ప్రతి కిలో ఆవిరీ సుమారు 2,500 కిలోజౌళ్ల వేడిని మంచుకి ఇచ్చేస్తుంది. ఒక కిలో ఆవిరి ఏడు కిలోల పైన మంచుని కరిగించగలదన్నమాట. గాలి నిలిచిపోతే పైపొర చల్లబడి ఈ పని మందగిస్తుంది. గాలి వీస్తుంటే కొత్త తేమ వచ్చి పడుతూనే ఉంటుంది. ఈదురుగాలి హెచ్చరిక, వరద హెచ్చరిక ఇక్కడ ఒకేసారి వస్తే రెండింటినీ వేర్వేరు కబుర్లుగా చదవకూడదు.

అమెరికా ఆర్మీ ఇంజినీర్ల కోర్ 1956లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చేత్తో లెక్క వేయడానికి బాగుంటుంది. బయలు ప్రదేశానికి దాన్ని నేను షీట్‌లో ఇలా పెట్టుకున్నాను:

రోజుకి కరిగే నీరు = (0.029 + 0.0084 × గాలి + 0.007 × వాన) × (ఉష్ణోగ్రత − 32) + 0.09

నీరు, వాన అంగుళాల్లో, గాలి గంటకు మైళ్లలో, ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్‌లో. గాలి తేమతో నిండి ఉందని ఈ సూత్రం ముందే అనుకుంటుంది, వాన రోజున అది నిజమే. 45 డిగ్రీలు, 4 అంగుళాల వాన, గాలి 5 మైళ్లు అయితే కరిగేది దాదాపు 1.4 అంగుళాలు. మిగతావేమీ మార్చకుండా గాలిని 25 మైళ్లు చేయండి: 3.6 అంగుళాలు. ఇందులో వాన వాటా రెండు లెక్కల్లోనూ 0.36 అంగుళమే. దట్టమైన అడవికి వేరే సూత్రం ఉంది, అందులో గాలి ఊసే ఉండదు. చెట్లు ఆపేస్తాయి కాబట్టి. చెట్లు నరికేసిన వాలు, పక్కనే ఉన్న అడవి ఒకే తుఫానుకి ఒకేలా ఎందుకు ప్రవర్తించవో ఇక్కడే అర్థమవుతుంది.

అందుకని షీట్‌లో డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కాలమ్‌ని ముందుకు తెచ్చాను. అది సున్నా సెల్సియస్ దాటితేనే ఆవిరి మంచు మీద నీరవుతుంది. సున్నాకి కిందుంటే, గాలి ఎంత వెచ్చగా ఉన్నా, మంచులో కొంత ఆవిరైపోతూ గాలి తెచ్చిన వేడిని తినేస్తుంది. మంచు తగ్గుతుంది, నదికి చేరేది తక్కువ.

జనవరి

కొండల మీద మంచు బరువు కొలిచే స్నోటెల్ స్టేషన్ల వివరాలు ప్రతి గంటకీ అందరికీ అందుబాటులో ఉంటాయి. సుమారు 4,000 అడుగుల ఎత్తున్న ఒలాలీ మెడోస్, కాస్త కిందున్న ఆల్పైన్ మెడోస్ చూస్తున్నాను. వాన మొదలయ్యాక మంచులోని నీటి అంకె తగ్గాలి కదా అనుకుంటాం, కానీ ముందు అది పెరుగుతుంది. మంచు వాననీటిని పట్టి ఉంచుతోందన్నమాట. కాబట్టి ఆ అంకెని ఒక్కదాన్నే చూడకూడదు. కురిసిన వానలోంచి మంచునీటి పెరుగుదలని తీసేస్తే కిందికి వదిలిన నీరు తెలుస్తుంది. రెండంగుళాలు కురిసి, మంచునీరు ఒకటిన్నర పెరిగితే, కిందికి వచ్చింది అరంగుళమే. రెండంగుళాలు కురిసి, మంచునీరు ఒక అంగుళం తగ్గితే, వచ్చింది మూడు. మంచునీరు పెరగడం ఆగి తగ్గడం మొదలైన గంట నుంచి నది గ్రాఫ్‌ని వదలకుండా చూడాలి.

దీన్నిబట్టి ఇంకో సంగతి. పదడుగుల మంచు ఉన్న చోటు కన్నా, 2,000 నుంచి 3,500 అడుగుల మధ్య కొత్తగా పడిన రెండడుగుల తడి మంచు నాకు ఎక్కువ టెన్షన్. లోతైన చల్లటి మంచు చాలా నీటిని మింగేస్తుంది. పలచటిది ఒక్క రాత్రిలో మొత్తంగా దిగిపోతుంది. పైగా ఆ ఎత్తులో కొండ విస్తీర్ణం ఎక్కువ.

కొండల మధ్య కనుమ అయిన స్నోక్వాల్మీ పాస్ థర్మామీటర్ విషయంలో మాత్రం జాగ్రత్త. తుఫాను దగ్గరికి వస్తున్నప్పుడు తూర్పు వాషింగ్టన్‌లో పేరుకున్న చల్లగాలి ఆ కనుమ గుండా పడమటికి దూరుతుంది. పైన ఏడు వేల అడుగుల దాకా వెచ్చగా ఉన్నా పాస్ మీద 32 డిగ్రీలే చూపించవచ్చు, ఫ్రీజింగ్ రెయిన్ (నేలని తాకగానే గడ్డకట్టే వాన) కూడా పడొచ్చు. అవలాంచ్ (మంచు జారుడు) సెంటర్ వాళ్ల స్టేషన్లలో గాలి దిక్కు తూర్పు నుంచి పడమటికి తిరిగిందా అన్నదే చూస్తాను. తిరిగిన గంటలోనే ఉష్ణోగ్రత ఎగురుతుంది, కరగడం అప్పుడు మొదలవుతుంది.

లోతట్టులో గాలి ఎంత వస్తుందో తెలియడానికి దక్షిణం నుంచి ఉత్తరానికి వరసగా ఉన్న పోర్ట్‌లాండ్, సీటాక్ (సియాటిల్), బెల్లింగ్‌హామ్ ఎయిర్‌పోర్టుల సముద్రమట్టపు పీడనాలు గంటగంటకీ రాసుకుంటున్నాను. దక్షిణాన ఎక్కువ, ఉత్తరాన తక్కువ ఉంటే దక్షిణపు గాలి. తేడా త్వరగా పెరుగుతుంటే ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవాలి. 2006 డిసెంబర్ 14, 15 తేదీల్లో వచ్చిన హనుక్కా ఈవ్ తుఫాను ఇలాంటిదే. అల్పపీడన కేంద్రం వాంకూవర్ దీవి వైపుగా లోపలికి దూసుకెళ్లింది, పది లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. 2024 నవంబర్ 19న వచ్చిన బాంబ్ సైక్లోన్ (చాలా వేగంగా బలపడే తుఫాను) దారే వేరు. అది తీరానికి దూరంగా సముద్రంలోనే ఉండి, తూర్పు గాలిని కనుమల్లోంచి గుంజింది. కొండల కింది ఊళ్లకి దెబ్బ ఎక్కువ. ఒక్క దక్షిణ-ఉత్తర తేడానే చూసుకుంటూ కూర్చుంటే ఇలాంటిది అందదు. అందుకే కొండలకి తూర్పున ఉన్న యాకిమా పీడనాన్ని కూడా చేర్చాను. స్థిరంగా 40 మైళ్లు, లేదా 58 మైళ్ల విసురు ఉంటే హై విండ్ వార్నింగ్ ఇస్తారు. నేల నానిపోయి ఉంటే అంతకన్నా తక్కువ గాలికే చెట్లు వేళ్లతో సహా పడతాయి కాబట్టి, గత పది రోజుల వానని కూడా పక్కన రాసుకుంటున్నాను.

కరెంటు పోయే రాత్రుల గురించి ఒక్క మాట. 2006 తుఫాను తర్వాత ఇంట్లోనో గ్యారేజీలోనో జనరేటర్లు, బొగ్గుల కుంపట్లు పెట్టుకుని చాలామంది కార్బన్ మోనాక్సైడ్ బారిన పడ్డారు, కొందరు చనిపోయారు కూడా. జనరేటర్ ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, కిటికీలకు ఎడంగా ఉండాలి. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచితే చాలనుకోవద్దు.

మార్కుల విషయం

ప్రతి అంచనాకీ బ్రయర్ స్కోర్ (అంచనాకీ జరిగినదానికీ ఉన్న తేడా వర్గం) వేస్తున్నాను. గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. 70 శాతం అని రాసి, అది జరిగితే 0.3 వర్గం, అంటే 0.09. జరగకపోతే 0.7 వర్గం, 0.49. తక్కువైతే మేలు. ఎప్పుడూ 50 శాతం అని గోడమీద పిల్లిలా కూర్చుంటే ఎప్పటికీ 0.25 దగ్గరే ఉంటాం. నా సగటు ఇప్పుడు దానికి కింద ఉంది, మొదటి దశ మీద బాగా, మూడో దశ మీద కొంచెం. అరుదైన వాటి మీద ఎక్కువ శాతం రాయడానికి చెయ్యి రావడం లేదు. గాలి, డ్యూ పాయింట్ కాలమ్‌లు చేరాక మూడో దశ అంచనాలు మెరుగుపడ్డట్టే కనిపిస్తున్నాయి గానీ, గట్టిగా చెప్పాలంటే ఇంకో సీజన్ కావాలి.

ఫిబ్రవరిలో చేయాల్సినవి: నది దిగువన ఉన్న కార్నేషన్ ఊరి దగ్గర గేజ్‌లో వరద మట్టం 54 అడుగులు. అక్కడ వరద గరిష్ఠానికి చేరడానికి, ఎగువ పాయల్లో చేరడానికి మధ్య ఎన్ని గంటలు పడుతోందో పాత గ్రాఫ్‌ల నుంచి తీయాలి. సూత్రంలో బయలుకీ అడవికీ ఎంతెంత వాటా ఇవ్వాలో పరీవాహక ప్రాంతం మ్యాప్ చూసి తేల్చాలి. ఆ తర్వాత డ్యామ్ గొడవ లేని స్టిలగ్వామిష్ మీద ఇదే షీట్ నడిపి చూడాలి.